మూడోది బిగువుగా ఉంది

మూడోది బిగువుగా ఉంది. ఆ సంగతి నా కుడిచేతికి తెలిసింది. చెవికి తెలియలేదు, కంటికి తెలిసే వీలే లేదు, జరగవలసిందంతా ఇనుము లోపల, మూతపడిన చీకట్లో జరుగుతోంది. స్టాండుకి బిగించిన ఇంజిన్ ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాను, క్రాంక్‌షాఫ్ట్ కొసకి పొడవాటి స్పానర్ తగిలించి నిమిషాల ముల్లు కదిలినంత నిదానంగా తిప్పుతున్నాను, ఒకటో పిస్టన్ పైకొచ్చినప్పుడు లోపల మెత్తగా ఏదో నలిగి వదిలింది, సరే, అది నలగాలనే పెట్టాను, ఆ తర్వాత వంతు మూడోదానిది, అక్కడ స్పానర్ ఆగలేదు, కానీ ఆగుదామా అన్నట్టు ఒక్క క్షణం నా మణికట్టు మీద బరువు వేసింది, దాటేసింది, తర్వాత నాలుగు, తర్వాత రెండు, ఆ రెండూ ఒకటోదానిలాగే బుద్ధిగా నడిచాయి. అంతసేపూ ఊపిరి బిగబట్టి ఉన్నానని అప్పుడు గమనించాను. వదిలాను. ఏడాదిగా నాకు ఊపిరి వదలడం కూడా ఒక పని.

వంటింట్లోంచి గ్యారేజీలోకి ఉన్న తలుపు తోసుకుని మురళి తల పెట్టాడు. మోచేతుల దాకా పిండి.

"అయిందా?"

"మూడోది బిగువుగా ఉంది."

"నాకేం వినపడలేదే."

"వినపడదు. చేతికి తెలిసింది."

"పిండి చాలకపోతే చెప్పు రాజీ, ఇంకో ముద్ద ఇస్తా. బంగాళాదుంప కూర కూడా ఉడుకుతోంది, పెడదామా దానికి?"

నవ్వాను. నవ్వితే దగ్గు వస్తుందని తెలిసీ నవ్వాను, వచ్చింది, మురళి మొహంలో నవ్వు ఆరిపోయింది, తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోయాడు. పాపం, అతని తప్పేముంది, పూరీపిండిని ఇంజిన్‌లో పెట్టే ఆడమనిషిని ఎవరు మాత్రం ఏడిపించకుండా ఉంటారు. కానీ పెట్టక ఏం చేయను. ఇది మా పాత కారు కోసం కడుతున్న స్ట్రోకర్ ఇంజిన్, అంటే బ్లాకు పాతదే, సిలిండర్లు పాతవే, లోపల పిస్టన్లని ఆడించే క్రాంక్‌షాఫ్ట్ మాత్రం ఎక్కువ దూరం ఊగేది వేశాం, పిస్టన్లు మునుపటికన్నా ఎక్కువ మేర పైకీ కిందికీ పరిగెడతాయి, శక్తి పెరుగుతుంది, లోపల చోటు మాత్రం అంతే ఉంటుంది. పాత ఇంట్లోకి చేతులు బారచాపి నడిచే మనిషి వచ్చినట్టు. పిస్టన్ పైకొచ్చే క్షణానికి వాల్వ్ ఇంకా పూర్తిగా మూసుకోదు, ఆ రెండిటి మధ్య కనీసం రెండు మిల్లీమీటర్లు ఉండాలి, లేకపోతే వేగం అందుకున్నాక ఒకదానికొకటి తగులుతాయి, తగిలిన మరుక్షణం ఇన్నేళ్ళ మా పని ముక్కలై నూనెలో తేలుతుంది. ఆ సందు ఎంతో చూడటానికి ఒకటే దారి. పిస్టన్ల నెత్తిన మెత్తటి బంకమట్టి అద్ది, పైన మూతలా ఉండే హెడ్ మూసి, చేత్తో రెండు చుట్లు తిప్పి, మళ్ళీ తెరిచి, నలిగిన మట్టిని బ్లేడుతో కోసి మందం కొలవాలి. బంకమట్టి కావాలి కదా, లాక్‌డౌన్‌లో షాపులన్నీ మూత, పార్సిల్ ఎక్కడో మంచులో ఆగిపోయింది, మా అమ్మాయి రీతూ చిన్నప్పటి ఆటమట్టి డబ్బా తీస్తే రాళ్ళు రాలాయి. ఆదివారం, మురళి పూరీలకి పిండి కలుపుతున్నాడు, గట్టి పిండి, మెత్తగా మెరుస్తోంది, ఒక ముద్ద గిల్లుకుని వచ్చాను. జర్మనీ కదా, ఆదివారం ఈ వీధిలో డ్రిల్లు మోగకూడదు, సుత్తి పడకూడదు, ఎదురింటావిడ కిటికీ తెరలు వెంటనే కదులుతాయి. చేత్తో తిప్పడానికి మాత్రం ఎవరి అభ్యంతరమూ ఉండదు.

పార్సిల్ వచ్చేదాకా ఆగమన్నాడు మురళి. ఆగలేను. రేపు పొద్దున్న తొమ్మిదింటికి నాకు టెర్మిన్ ఉంది, అంటే అపాయింట్‌మెంట్, కంపెనీ డాక్టరుతో, వీడియోలో. ఒకటే ప్రశ్న అడుగుతాడు. ఇంజిన్లు పరీక్షించే టెస్ట్ బెంచ్ మీదికి పూర్తి పనికి వస్తారా, రారా? వస్తానంటే వచ్చే వారం నుంచి పాత కుర్చీ నాదే, అద్దానికి ఇవతల నేను, అవతల పూర్తి బరువు మోస్తూ అరిచే ఇంజిన్. రానంటే ఆ కుర్చీ ఇంకొకరిది. పదిహేడేళ్ళు కూర్చున్న కుర్చీ. కార్ల్స్‌రూహెలో చదువు ముగిసిన ఏడాది ఆ గదిలోకి అడుగుపెట్టాను, కాఫీ తెచ్చిన అమ్మాయి అనుకున్నారు, రెండేళ్ళ తర్వాత ఏ ఇంజిన్ మొరాయించినా ముందు నన్నే పిలిచారు, శబ్దం మారకముందే చెప్పేదాన్ని, ఇది ఇంకాసేపట్లో చెడుతుంది, ఆపండి అని. ఎలా చెప్పావంటే చెప్పలేను, గాజుమీద చెయ్యి పెడితే తెలిసేది. ఆ చెయ్యి ఇప్పుడు కూడా నిజం చెబుతోందా? రాత్రి నాలో నేనే ఒక ఒప్పందం చేసుకున్నాను. రేపటిలోగా ఈ ఇంజిన్ లోపల నా చేతికి ఏం తెలుస్తుందో చూస్తాను, దాన్ని కొలిచి సరిచూస్తాను. చెయ్యి చెప్పింది తప్పని తేలితే నా ఒళ్ళు చెప్పేది కూడా తప్పే, రిపోర్టులు రైటు, వస్తానని సంతకం పెట్టేస్తాను. చెయ్యి చెప్పింది నిజమైతే, అప్పుడు మిగతాది కూడా నిజమే.

మిగతాది అంటే ఏంటి. మిగతాది అంటే మెట్లు. కోవిడ్ మొదటి ఉధృతిలోనే వచ్చింది నాకు, మార్చిలో, ఇంకా ఎవరికీ మాస్కులు దొరకని రోజుల్లో, రెండు వారాల జ్వరం, ఆస్పత్రి దాకా పోలేదు, అందరూ అదృష్టం అన్నారు, నేనూ అన్నాను. వాసన పోయింది. జ్వరం తగ్గింది. మెట్లు మాత్రం తిరిగి రాలేదు. మా పడకగదికి వెళ్ళే మెట్ల మధ్యలో గోడకి రీతూ బడి ఫొటో ఉంది, దాని దగ్గర ఆగి చూస్తుంటాను, ఎంత ముద్దొస్తోందో అంటుంటాను, ఆ ఫొటో లేకపోతే ఎప్పుడో పట్టుబడిపోయేదాన్ని. మాటలు కూడా. మొన్న ఉప్పు డబ్బా చేత్తో పట్టుకుని దాని పేరు కోసం వెతుక్కున్నాను, తెలుగులో రాలేదు, జర్మన్‌లో రాలేదు, అది ఇవ్వు అంది రీతూ, ఇచ్చేశాను. మా డాక్టరమ్మ మంచిది, ఓపిక ఉన్న మనిషి, ఊపిరితిత్తులకి ఎక్స్‌రే తీయించింది, గుండె గీతలు తీయించింది, నెత్తురు ఎన్నిసార్లు లాగించిందో, ప్రతిసారీ స్క్రీను నా వైపు తిప్పి ఆలెస్ ఇన్ ఓర్డ్నుంగ్, అంతా సవ్యంగా ఉంది అనేది, ఆ మాట ఆమె ఎంత సంతోషంగా అనేదంటే, నేను కూడా సంతోషపడకపోతే మర్యాదగా ఉండదనిపించేది. థాంక్స్ చెప్పి బయటికొచ్చి ట్రామ్ స్టాపు బెంచీ మీద కూలబడేదాన్ని. అందుకని నవంబర్‌లో పనికి వెళ్ళాను, రిపోర్టుల మాట విని. రాకేష్ ఉన్నాడు పక్కన, వరంగల్ కుర్రాడు, బ్లూకార్డ్ వీసా మీద వచ్చి రెండేళ్ళు, నన్ను అక్కా అంటాడు. అద్దం అవతల ఇంజిన్ గొంతు మారింది, నాకు తెలిసింది, అందరికన్నా ముందే తెలిసింది, ఎర్ర బటన్ నొక్కాలని తెలుసు, దాన్ని ఏమంటారో గుర్తు రాలేదు, గుర్తు రాకపోతేనేం నొక్కొచ్చు కదా, చెయ్యి లేవలేదు. రాకేష్ అడ్డంగా వంగి నొక్కాడు. "ఏం గాలేదక్కా, గంతే," అన్నాడు. ఏమీ కాలేదు నిజమే. వైర్లు సరిచూడ్డానికి అతను ఆ గదిలోపలికి వెళ్ళే రోజులు కూడా ఉంటాయి. ఆ రోజు ఇవతల కుర్చీలో నేనుంటే.

బోల్టులు విప్పుతున్నాను. హెడ్ ఎత్తడానికి మురళి వచ్చాడు, ఒకప్పుడు ఒక్కదాన్నే ఎత్తేదాన్ని. తెరిచాం. నాలుగు పిస్టన్ల నెత్తిన నాలుగు తెల్లటి బిళ్ళలు, వాల్వుల అచ్చులు గుండ్రంగా దిగి ఉన్నాయి, ముందే నూనె రాశాను కాబట్టి ఎక్కడా అంటుకోలేదు. బ్లేడుతో అడ్డంగా కోశాను. మందం కొలిచే కాలిపర్ మురళి చేతికిచ్చాను, అంకెల విషయంలో ఇప్పుడు నా కన్నా అతన్నే నమ్ముతాను. ఒకటోది రెండున్నరకి దగ్గర. నాలుగోది అంతే. రెండోది ఇంకాస్త ఎక్కువ. మూడోది కూడా రెండు దాటింది, మిగతావాటికన్నా ఒక వెంట్రుకవాసి తక్కువ, అంతే.

"చూశావా, నలుగురూ అన్నదమ్ముల్లా ఉన్నారు," అన్నాడు. "నీ చెయ్యి అలిసిపోయిందే, పొద్దున్నుంచీ కూర్చున్నావు."

అలిసిపోయింది. ఆ మాట మళ్ళీ వచ్చింది, డాక్టరమ్మ అన్న మాట, బీమా కంపెనీ ఫోన్లో పిల్ల అన్న మాట, ఇండియా నుంచి మా జయలక్ష్మి పిన్ని అన్న మాట, అలసటేనే, వయసు కూడా వస్తోంది కదా, రోజూ ఉసిరికాయ తిను. మురళి తిరిగి వంటింట్లోకి వెళ్ళాడు. నేను స్టూలు మీదే ఉన్నాను. ఒప్పందం ఒప్పందమే. అంకె ఉంది ఎదురుగా, నాలుగు అంకెలు, నా చేతికి తెలిసిందన్నదానికి ఏ అంకే లేదు. రేపు తొమ్మిదింటికి చక్కటి చొక్కా వేసుకుని కెమెరా ముందు కూర్చుని వస్తానని చెప్తాను, ఆయన సంతోషిస్తాడు, డాక్టరమ్మ సంతోషిస్తుంది, మురళి రాత్రిళ్ళు నా ఊపిరి లెక్కపెట్టడం మానేస్తాడు, వాల్డార్ఫ్‌లో తన ఆఫీసు మీటింగుల మధ్య మెసేజీలు పెట్టడం మానేస్తాడు, ఈ ఇంట్లో అందరికీ విశ్రాంతి. మంచిదేగా. నా మణికట్టు మాత్రం ఒప్పుకోవడం లేదు. చెయ్యి చాచి స్పానర్ లేని గాలిలోనే తిప్పి చూసుకున్నాను, ఒకటి, ఆ తర్వాత మూడు, అదిగో అక్కడ, ఎముకలో ఇంకా ఉంది ఆ బరువు, ఊహకి అంత కచ్చితమైన చోటు ఎలా ఉంటుంది, నాలుగింట్లోనూ ఊహ రావాలి కదా, మూడోచోటే ఎందుకు. పరిశోధనలో మొదటి పాఠం, రెండు సాక్ష్యాలు పొసగకపోతే రెండిటినీ అనుమానించు. చేతిని అనుమానించాను, ఏడాదిగా అదే చేస్తున్నాను. కొలిచినదాన్ని ఎవరు అనుమానించారు? కాలిపర్ మంచిదే, పోయిన వారమే సున్నా సరిచూశాను. బ్లేడు కొత్తది. మురళి కళ్ళు మంచివి. ఇంకేం ఉంది మధ్యలో.

వంటింట్లో అప్పడాల కర్ర చప్పుడు. రీతూ పైనుంచి అరిచింది, "అమ్మా, ఇష్ హాబ్ హుంగర్!" ఆకలేస్తే దిగి వచ్చి ఒత్తమని మురళి జవాబు. తర్వాత నా కోసం గొంతు పెంచాడు.

"ఏంటే రాజీ ఈ పిండి! ఇంత వెడల్పు ఒత్తుతున్నానా, కర్ర తీయగానే మళ్ళీ దగ్గరికి ముడుచుకుపోతోంది. ఎంత ఒత్తినా అంతే!"

"ఇప్పుడే కలిపావు కదా, కాసేపు నాననివ్వు," అన్నాను.

అన్నాక నా మాట నాకే వినిపించింది.

నాననివ్వు. నానని పిండి వెనక్కి లాక్కుంటుంది. నొక్కినంతసేపు నలుగుతుంది, వదిలితే లేస్తుంది, ఎంత గట్టిగా నొక్కితే అంత మొండిగా లేస్తుంది. చిన్నప్పటి నుంచీ ఒత్తుతున్నాను పూరీలు, నా చేతికి తెలియనిదా అది, గోధుమపిండిలో ఆ సాగుడు లేకపోతే పూరీ పొంగదు కూడా. బంకమట్టి అలా కాదు, నలిపితే నలిగినట్టే పడి ఉంటుంది, అందుకే దాన్ని వాడతారు. దాని చోట పూరీపిండి పెట్టాలని ఈ దేశంలో ఇంకెవరికైనా తోస్తుందా, మా ఇంట్లో తప్ప! మేం కొలిచింది నలిగినప్పటి మందం కాదు. నలిగి, దాటి, బోల్టులు విప్పి హెడ్ ఎత్తేలోపు తీరిగ్గా లేచి కూర్చున్న పిండి మందం. ఆ ఒత్తిడి క్షణంలో అక్కడ ఎంత సందుందో దానికి అసలు గుర్తే లేదు. స్పానర్ పట్టుకున్న చేతికి మాత్రమే ఉంది.

లేచి నిలబడ్డాను, కాస్త తూలాను, వర్క్‌బెంచ్ పట్టుకున్నాను. నన్ను కూడా ఇలాగే కొలిచారు. ప్రతిసారీ, ఐదు నిమిషాలు కూర్చోండి, నీళ్ళు తాగండి, ఊపిరి నెమ్మదిగా తీసుకోండి, ఆ తర్వాత గుండె, ఆ తర్వాత ఆక్సిజన్, నేను ముందురోజంతా పడుకుని, టెర్మిన్ కోసం నన్ను నేను కూడగట్టుకుని, లిఫ్ట్ ఎక్కి వెళ్ళేదాన్ని. వాళ్ళు కొలిచింది లేచి కూర్చున్న నన్ను. మెట్ల మధ్య ఫొటో దగ్గర నన్ను ఎవరూ కొలవలేదు. ఎలా కొలుస్తారు, అక్కడ ఎంత ముద్దొస్తోందో అని నవ్వుతున్నాను కదా నేను. కానీ ఆగు, తొందరపడకు, ఇది ఇంకా నిజమని తేలలేదు, నచ్చిన మాట దొరికిందని ఎగరకు, పిండి అబద్ధమాడిందంటే చెయ్యి నిజం చెప్పినట్టు కాదు. మళ్ళీ చేయాలి. మొదటి నుంచీ చేయాలి.

"మురళీ, బియ్యప్పిండి ఉందా?"

"చెక్కలు చేసిన రోజుది మిగిలింది. ఎందుకు?"

"నీళ్ళు మరగబెట్టు."

గుమ్మంలోకి వచ్చి నా మొహం చూశాడు. "ఇప్పుడు కుడుములు కూడా తింటుందా ఇది?" అన్నాడు, కానీ ఆ మాట సగంలో గొంతు తగ్గిపోయింది, స్టవ్ వైపు తిరిగాడు. మరుగునీళ్ళు పోసి కలిపిన బియ్యప్పిండి సాగదు, లేవదు, వేలు పెడితే వేలిముద్ర సాయంత్రం దాకా ఉంటుంది. ముద్ద చేతిలో వేడిగా ఉంది. వాసన లేదు నాకు, వేడి ఉంది. పిస్టన్లు తుడిచాను, కొత్త బిళ్ళలు అద్దాను, వాల్వులకి నూనె రాశాను, హెడ్ దింపాం, బోల్టులు వరసగా, మధ్య నుంచి చివరలకి, మురళి వంగి బిగిస్తుంటే నేను వాల్వులని తోసే రాడ్లు ఒక్కొక్కటీ వాటి చోట దింపాను. మధ్యలో రెండుసార్లు కూర్చున్నాను. దాచలేదు. కూర్చున్నానని చెప్పి కూర్చున్నాను, అతను బోల్టు మీద చెయ్యి పెట్టి ఆగాడు.

"ఈసారి నువ్వు తిప్పు," అన్నాను.

స్పానర్ పట్టుకున్నాడు. మొహం ఒక పక్కకి వంచి, చెవితో వినేవాడిలా, నిదానంగా, నేను చెప్పినంత నిదానంగా. ఒకటి. ఇదిగో ఇప్పుడు మూడు. అతని మొహమే చూస్తున్నాను. ఏ మార్పూ లేదు. నాలుగు, రెండు. ఆపాడు. అబద్ధం చెప్పలేని మనిషి, పెళ్ళైన కొత్తలో నా ఉప్మా గురించి కూడా చెప్పలేకపోయాడు.

"నాకేం తెలియలేదు రాజీ. అంతా ఒకేలా ఉంది." స్పానర్ వదిలి, "సారీ," అన్నాడు.

"తెరుద్దాం."

మళ్ళీ బోల్టులు, ఇప్పుడు చివరల నుంచి మధ్యకి. భయంగా ఉంది, చిత్రమేమిటంటే ఏది నిజమైతే భయమో తెలియడం లేదు. చెయ్యి తప్పయితే కుర్చీ నాది. చెయ్యి ఒప్పయితే నాకు ఒంట్లో బాగాలేదు, నిజంగానే బాగాలేదు, ఎన్నాళ్ళో తెలియదు, అది ఋజువు కావాలని కోరుకుంటున్నాను, ఎంత విచిత్రమైన మనిషిని. అయినా కావాలి. తెలియకుండా ఒక్క అడుగు కూడా వేయను. హెడ్ లేచింది. బిళ్ళలు బయటపడ్డాయి. కొయ్యనక్కర్లేకుండానే కనపడింది, అయినా కోశాను, నాలుగూ వరసగా కోశాను, పద్ధతి తప్పకుండా, మూడోదాన్ని చివరికి ఉంచి. ఒకటోది, రెండోది, నాలుగోది అన్నీ రెండు మిల్లీమీటర్లకి పైనే. మూడోదాని మీద ఎగ్జాస్ట్ వాల్వ్ దిగిన చోట పిండి అప్పడంలా పలచబడి, అడుగున పిస్టన్ లోహం బూడిదరంగు నీడలా కనిపిస్తోంది. మురళి కాలిపర్ పెట్టాడు. తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టాడు.

"సగం మిల్లీమీటర్ కూడా లేదు," అన్నాడు.

హెడ్‌ని తిరగేసి చూశాను. ఎగ్జాస్ట్ వాల్వులు కూర్చునే రింగులు నాలుగింటిలో మూడోది రంగు వేరు, ఎప్పుడో ఏ షెడ్డులోనో ఎవరో మార్చారు, మార్చినప్పుడు ఒక పిసరు కిందికి నిలిచిపోయింది. పాత ఇంజిన్‌కి అది చాలింది. ఎక్కువ దూరం పరిగెత్తే పిస్టన్‌కి చాలదు. మొదటిసారి స్టార్ట్ చేయగానే పోయేది కాదు, ఏదో ఒక రోజు, హైవే మీద, మేం ముగ్గురం లోపలుండగా పోయేది. దీనికి మందు ఉంది, రింగు తీసి మళ్ళీ కోయించాలి, పిస్టన్ మీద గాడి ఇంకాస్త లోతు చేయాలి, వారాలు పడుతుంది, పట్టనీ. ఫెల్ట్ పెన్ను తీసి మూడో పిస్టన్ నెత్తిన ఒక గీత పెట్టాను.

వంటింట్లో నూనె కాగి పొగలొస్తోందని రీతూ జర్మన్‌లో కేకలు. స్టవ్ ఆపెయ్యమని మురళి అరిచాడు, కదల్లేదు. మూతపెట్టిన నూనె డబ్బా మీద కూర్చున్నాడు, నా స్టూలుకి ఎదురుగా, మా మోకాళ్ళు తగులుతున్నాయి. పిండి అంటిన చేతుల్లో ఆ పలచటి బిళ్ళని పట్టుకుని గ్యారేజీ లైటుకి ఎదురుగా పెట్టి చూశాడు, వెలుతురు అవతలి నుంచి కనిపిస్తోంది.

"నేను తిప్పాను," అన్నాడు. "నాకు తెలియలేదు. నీకు తెలిసింది."

"ఊ."

"రేపు ఆయనకేం చెప్తావు?"

"రోజుకి నాలుగు గంటల పనే చేయగలనని. బెంచ్ మీద కాదని. కూర్చోబెట్టి కాదు, మెట్లెక్కించి కొలవమని."

బిళ్ళని జాగ్రత్తగా వర్క్‌బెంచ్ మీద పెట్టాడు, విరిగిపోతుందేమో అన్నట్టు. ఏడాదిగా రోజూ పొద్దున్నే ఎలా ఉంది అని అడుగుతాడు, ఫర్వాలేదు అంటాను, ఇద్దరం కాఫీ తాగుతాం. ఇప్పుడు అలా అడగలేదు.

"ఇంకా ఏం తెలుస్తోంది నీకు?" అన్నాడు. "మొత్తం చెప్పు. కొలవడానికి దొరకనివి కూడా."

స్పానర్ కింద పెట్టాను. చెప్పడానికి చాలా ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలో మాత్రం వెతుక్కోనక్కర్లేకపోయింది.

"మెట్ల దగ్గర రీతూ ఫొటో ఉంది చూడు," అన్నాను.